తాపీగా

పెద్ద రోడ్డు వద్దన్నాడు మైరిగ్.
"సొరంగంలోంచి పోతే కాన్వి మన నెత్తి మీదుగా పోతుంది,
పలకరించకుండా దాటెయ్యడానికి అదేమన్నా శవమా?"

తాపీ పట్టిన చెయ్యి. వ్యాను కూడా తాపీగానే నడుపుతుంది.
వెనకనుంచి ట్రాక్టరువాడు హారన్ కొట్టాడు,
ట్రాక్టరువాడు!
కిటికీలోంచి చెయ్యి ఊపి పొమ్మన్నాడు, ఆశీర్వదించినట్టు.

నలభై ఒక్క ఏళ్లు ఈ తీరమంతా కోటల సందుల్లో సున్నం కూరినవాడు.
రేపటినుంచి వ్యాను నాది, బకెట్లు నావి,
గాలికి విరిగిన ఆ అద్దం కూడా నాదే.

కాన్వి రేవులో పొడుగు గొర్రులతో ఆల్చిప్పలు గోకుతున్నారు.
"ఏం మేస్త్రీ, గోడ నిలబడే ఉందా?"
"నీ పడవకన్నా నయమే."
ఎనిమిది బురుజులూ వదిలేసి నన్ను ఊరిగోడ వెనక్కి తీసుకెళ్లాడు.
బయటికి పొడుచుకొచ్చిన పన్నెండు మరుగుదొడ్లు,
రాజుగారి కొలువు కోసం, వరసగా.
"మనల్ని అణచడానికి వచ్చినవాళ్లకీ
పొద్దున్నే కడుపులో మెలిపెట్టింది, హెలెద్.
ఏడువందల ఏళ్లలో నాకు నచ్చిన ముక్క ఇదొక్కటే."

కార్నార్వన్ కోటకి చారల రాయి, జరీ అంచులా.
ఎంత అందమో అంత పొగరు.
బడిలో సొంత భాష పలికినందుకు
మైరిగ్ ముత్తాత మెడలో చెక్క వేలాడదీశారట.
ఇవాళ ఆ కోట నీడలోనే రొట్టెల కొట్టు పిల్ల
చిల్లర తేలేదని మా భాషలో మమ్మల్ని కసిరింది.
ఆ కసురు ఆయనకి పరమాన్నం.
ఇంకో రొట్టె కొన్నాడు, మళ్లీ పెద్ద నోటిచ్చి.

"శత్రువు గోడ. దానికి సున్నం పెట్టే
నా పిల్లలకి బూట్లు కొన్నాను.
ఇంక కోపం ఎక్కడ దాచుకోను చెప్పు."

క్రికియెత్‌లో వాన.
ఈ కోట మాత్రం మనవాళ్లు కట్టిందే,
తగలబెట్టిందీ మనవాళ్లే.
వ్యానులో కూర్చుని ఐస్‌క్రీమ్ తిన్నాం, అద్దాలు మసకబారేదాకా.
ఇద్దరం దాని గురించి ఏమీ అనలేదు.

హార్లెక్.
కొండ కింద సముద్రపు వాకిలి.
ఒకప్పుడు ఓడలు ఈ గుమ్మానికే తాడు కట్టేవి.
ఇప్పుడు గుమ్మం ముందు రైలు పట్టాలు, ఆటస్థలం, ఇసుక దిబ్బలు,
ఆ దిబ్బలవతల ఎక్కడో
అలిగి వెళ్లినట్టు సముద్రం.
అక్కడినుంచి కోటలోకి నూట ఎనిమిది మెట్లు.
అష్టోత్తరంలా ఒక్కొక్కటీ ఎక్కాడు, మోకాలిని తిట్టుకుంటూ.

డెబ్భయ్యో మెట్టు దగ్గర ఆగి గోడమీద చెయ్యి వేశాడు.
"ఇది చూడు."

చూశాను. రాళ్ల మధ్య బూడిదరంగు గీత, గట్టిగా, నున్నగా.
దాని చుట్టూ రాయి పొరలు పొరలుగా రాలిపోయి
బక్కమనిషి పక్కటెముకలా అదొక్కటే పైకి తేలింది.
సిమెంటు.
ఈయన నోట బూతుమాట అది.
సున్నం ఊపిరి తీసుకుంటుంది, సిమెంటు గొంతు నొక్కుతుంది అని
నా చెవులు చిల్లులు పడేలా చెప్పిన మనిషి.

"ఎవడు చేశాడు ఈ పని?"

"ఆ శుక్రవారం నాలుగింటికి మబ్బు పట్టింది.
సున్నం ఆరాలంటే వారం కావాలి.
సాయంత్రం ఊళ్లో డాన్సుంది, ఒకమ్మాయి వస్తానంది."

"వచ్చిందా?"

"రాలేదు."

వ్యానుకి పరిగెత్తి ఉలి తెస్తానన్నాను.
అనుమతి కాయితం లేకుండా గోడని గోటితో కూడా గీకకూడదన్నాడు,
ఆర్నెల్లు పడుతుందన్నాడు, రాసుకో అన్నాడు.
రాసుకున్నాను: హార్లెక్, నీటివాకిలి మెట్లు, డెబ్భై,
ఎడమచేతి పక్క, నడుమెత్తు.
చేసినవాడి పేరు దగ్గర పెన్ను ఆగింది.
"రాయి," అన్నాడు, "పూర్తి పేరు."

తిరుగు దారిలో తాళాలు నాకిచ్చాడు.
వెనక ఏడు కార్లు, ఒక పాలబండి.
నేను చెయ్యి ఊపలేదింకా, అలవాటు లేక.
పక్కసీట్లో ఆయన
రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంటూ
ముల్లు ముప్పై దాటినప్పుడల్లా
చిన్నగా దగ్గాడు.